డిశ్చార్జ్ బుక్‌లో ఒక్క అక్షరం

మాజీ సైనికుల కుటుంబాలకు ఏమేం వస్తాయో చెప్పే జీవోల సంగతి తర్వాత చూద్దాం. ముందు ట్రంకుపెట్టెలోంచి డిశ్చార్జ్ బుక్ (ఫౌజు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పుస్తకం) తీసి, కుటుంబ వివరాలున్న పేజీ తెరవండి. భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు అక్కడుంటాయి. పక్కన అందరి ఆధార్ కార్డులు, పిల్లల టెన్త్ మార్కుల జాబితాలు, పీపీవో (పింఛను మంజూరు ఉత్తర్వు) పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. మాజీ సైనికుల కుటుంబాలకు కేంద్రం ఇచ్చేదైనా, మన రెండు రాష్ట్రాలు ఇచ్చేదైనా, దరఖాస్తు ఎక్కువగా ఆగిపోయేది ఈ పేజీ దగ్గరే. అర్హత లేక తిరిగొచ్చినవాటి కంటే పేరు కలవక తిరిగొచ్చినవే ఎక్కువ.

మన పేర్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇంటిపేరు మనకు ముందుంటుంది, ఫౌజు కాగితాల్లో వెనక్కి పోతుంది, లేదా ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. సత్యనారాయణను ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు టీ తర్వాత హెచ్ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. లక్ష్మికి ఒకచోట కేఎస్‌హెచ్, ఇంకోచోట ఎక్స్. భార్య టెన్త్ సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ మీద అత్తింటిది, డిశ్చార్జ్ బుక్‌లో ఇంటిపేరే లేకుండా వట్టి 'లక్ష్మి'. మనకు ముగ్గురూ ఒక్కరే. కంప్యూటర్‌కు ముగ్గురు వేర్వేరు మనుషులు.

పిల్లల పుట్టిన తేదీది ఇంకో కథ. పుట్టిన వారంలో యూనిట్‌కు ఉత్తరం వెళ్లి అక్కడ అసలు తేదీ నమోదవుతుంది. ఐదేళ్లకు బడిలో వేసేటప్పుడు వయసు చాలడం లేదని హెడ్మాస్టరు జూన్ 1 అని రాసేస్తాడు. టెన్త్ సర్టిఫికెట్‌లోకి ఎక్కేది హెడ్మాస్టరు రాసిందే. పదిహేనేళ్ల తర్వాత స్కాలర్‌షిప్‌కు పెట్టుకున్నప్పుడు రెండు తేదీలూ ఎదురెదురు పడతాయి.

దీన్ని సరిచేసే దారి ఒకటే, పార్ట్ టూ ఆర్డర్. సర్వీసులో ఉండగా పెళ్లయినా, బిడ్డ పుట్టినా, పేరు మారినా యూనిట్ ఒక ఆర్డర్ వేసి రికార్డ్ ఆఫీసుకు పంపుతుంది. ఆ ఆర్డర్ పడితేనే ఆ మనిషి సైన్యం లెక్కలో ఉన్నట్టు. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లు దిగిపోవడానికి ఏడాది ముందే ఈ పని ముగించుకోవాలి. యూనిట్‌లో ఉండగా క్లర్కు ఒక్క రోజులో చేసే సవరణకు, బయటికొచ్చాక నెలలు పడుతుంది.

బయటికొచ్చేసినవాళ్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా తమ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఆర్టిలరీ వాళ్లకు నాసిక్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి సరఫరా విభాగం) వాళ్లకు సికింద్రాబాద్. మామూలుగా అడిగే కాగితాలు ఇవి: సరైన పేరుతో అఫిడవిట్, ఒక ఇంగ్లిష్ పత్రికలో ఒక తెలుగు పత్రికలో వేసిన ప్రకటనల కటింగులు, ఆధార్, పుట్టిన తేదీకైతే జనన ధ్రువపత్రం లేదా టెన్త్ సర్టిఫికెట్, భార్యాభర్తల జంట ఫోటో. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: అఫిడవిట్‌లో కొత్త పేరు మాత్రమే రాస్తారు. 'రికార్డులో ఫలానా అని ఉన్న వ్యక్తి, ఆధార్‌లో ఫలానా అని ఉన్న వ్యక్తి, ఇద్దరూ ఒక్కరే' అని రెండు పేర్లూ, సర్వీస్ నంబరూ ఉండాలి. లేకపోతే ప్రకటన డబ్బులు మళ్లీ కట్టుకోవాల్సిందే. రికార్డ్ ఆఫీసు సవరించాక భార్య పేరు పీపీవోలోనూ మారాలి. దాన్ని సవరణ పీపీవో అంటారు. ఇది ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం నుంచి, ఇప్పుడు స్పర్శ్ (రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ) ద్వారా వస్తుంది. మొదటిది చేయించి రెండోది మరిచిపోయిన కుటుంబాలకు ఆ మాట గుర్తొచ్చేది భర్త పోయాక, ఫ్యామిలీ పింఛను ఆగినప్పుడు.

స్పర్శ్ మాట వచ్చింది కాబట్టి లైఫ్ సర్టిఫికెట్ గురించి ఒక ముక్క. కామన్ సర్వీస్ సెంటర్‌లో జీవన్ ప్రమాణ్ (వేలిముద్రతో ఇచ్చే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) చేయించేటప్పుడు అక్కడి కుర్రాడు పింఛను ఇచ్చే సంస్థ అన్నచోట అలవాటు కొద్దీ మీ బ్యాంకు పేరు నొక్కేస్తాడు. స్పర్శ్‌లోకి మారినవాళ్లకు అక్కడ బ్యాంకు ఉండకూడదు, స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ ఉండాలి. వేలిముద్ర పడుతుంది, నంబరూ వస్తుంది, సర్టిఫికెట్ మాత్రం ఎక్కడికో పోతుంది. ఆ తర్వాత నెలలో పింఛను పడదు. తెర మీద ఏం నొక్కుతున్నాడో పక్కన నిలబడి చూడండి.

ఇక అసలు ప్రశ్న. మాజీ సైనికుడు అంటే ఎవరు? ఫౌజులో చేసి వచ్చిన ప్రతివాడూ అని ఊళ్లో అనుకుంటారు. కాగితం మీద అలా లేదు. కేంద్రం 1979లో చేసి 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల్లో పనిచేసి పింఛనుకు అర్హత సంపాదించి దిగినవాళ్లు, సర్వీసు కారణంగా వచ్చిన జబ్బుతోనో గాయంతోనో మెడికల్ లేదా డిజెబిలిటీ పింఛనుతో పంపినవాళ్లు, సిబ్బంది తగ్గింపులో విడుదలైనవాళ్లు, ఒప్పుకున్న కాలం పూర్తిచేసి గ్రాట్యుటీతో దిగినవాళ్లు ఇందులోకి వస్తారు. జవాన్లకు పింఛను అర్హత 15 ఏళ్లు. పదేళ్లకే ఇంట్లో ఇబ్బందని సొంతంగా అడిగి వచ్చేసినవాడు రాడు. క్రమశిక్షణ కింద తీసేసినవాడూ రాడు. డిశ్చార్జ్ బుక్‌లో 'విడుదలకు కారణం' అన్న గడిలో రాసిన వాక్యమే తీర్పు. 'సొంత అభ్యర్థనపై' అని ఉండి, పింఛను లేకపోతే మిగతా పేజీలు ఎంత బాగున్నా లాభం లేదు.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ వాళ్లు కూడా ఈ నిర్వచనంలో లేరు. కేంద్ర హోంశాఖ 2012 నవంబరు 23న వాళ్లకు 'మాజీ సీఏపీఎఫ్ సిబ్బంది' (కేంద్ర సాయుధ పోలీసు బలగాల మాజీ సిబ్బంది) అని వేరే గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపుతో రాష్ట్ర ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటా దానంతటది రాదు. నోటిఫికేషన్‌లో 'మాజీ సైనికుడు' గడిలో టిక్ పెట్టి, పరిశీలన రోజున వెనక్కి వచ్చేవాళ్లు ప్రతి సారీ ఉంటారు. కాశ్మీర్‌లో పక్కపక్కనే నిలబడినవాళ్లకు ఊళ్లో రెండు న్యాయాలేమిటన్న కోపం సహజం, నిజానికి న్యాయమైనదే. కానీ ఆ టిక్ పెడితే పోయేది మీ అభ్యర్థిత్వమే.

అగ్నివీరులది మరీ కొత్త సమస్య. 2022 జూన్ 14న ప్రకటించిన పథకం అది. నాలుగేళ్లు చేసి దిగేవాళ్లకు దాదాపు 11.71 లక్షల సేవానిధి (దిగేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం) వస్తుంది, పింఛను ఉండదు, మాజీ సైనికుల హోదా కూడా ఉండదని పథకంలోనే రాసి ఉంది. మొదటి బ్యాచీలకు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. ఏ రాష్ట్ర నోటిఫికేషన్‌లో అయినా 'అగ్నివీర్' అన్న మాట విడిగా ఉంటే తప్ప మాజీ సైనికుల గడి మీది కాదు.

ఉద్యోగాల లెక్కకు వద్దాం. రెండు రాష్ట్రాల సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లోని 22వ నిబంధన కింద మాజీ సైనికులకు 2 శాతం ఉంది. ఇది సమాంతర రిజర్వేషన్, అంటే కులాల కోటాకు అడ్డంగా పోయేది. ఎంపికైన మాజీ సైనికుడు బీసీ-డి అయితే ఆ పోస్టు బీసీ-డి లెక్కలోనే సర్దుతారు. అందుకే కుల ధ్రువపత్రం అక్కర్లేదని వదిలేయకండి. రెండూ పెట్టాలి.

వయసు సడలింపును చాలామంది మూడేళ్లే అనుకుని దరఖాస్తే చేయరు. లెక్క ఇలా ఉంటుంది. నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 42 అనుకుందాం. మీకు ఇప్పుడు 52. ఫౌజులో 17 ఏళ్లు చేశారు. 52లోంచి 17 తీస్తే 35. ఇంకో 3 తీస్తే 32. మీ వయసు 32 కింద లెక్క, హాయిగా అర్హులే. సర్వీసు ఎంతన్నది చేరిన తేదీ నుంచి విడుదలైన తేదీ దాకా రోజులతో సహా డిశ్చార్జ్ బుక్‌లో ఉంటుంది. దరఖాస్తులో గుండుగుత్తగా రాయకుండా అదే దించండి. సరిహద్దులో ఉన్నవాళ్లకు రెండు నెలలే అర్హతను తేల్చేస్తాయి.

డిగ్రీ విషయంలో ఇంకో మెలిక ఉంది. టెన్త్ చదివి 15 ఏళ్లు సర్వీసు చేసినవాళ్లను, డిగ్రీ కనీస అర్హతగా ఉన్న గ్రూప్ సి పోస్టులకు కేంద్రం పట్టభద్రులతో సమానంగా చూస్తుంది. దిగేటప్పుడు ఇచ్చే ఆ సర్టిఫికెట్ పట్టుకుని రాష్ట్ర నోటిఫికేషన్లకూ పెట్టుకుంటున్నారు. అర్హతల పేరాలో ఆ సమానత్వాన్ని ఒప్పుకుంటున్నట్టు మాట ఉంటేనే పెట్టండి. లేకపోతే రాసిన పరీక్ష, చదివిన ఆరు నెలలు వృథా. కేంద్ర ఉద్యోగాల్లో అయితే కోటా గ్రూప్ సికి 10 శాతం, బ్యాంకుల్లో క్లర్కు స్థాయికి 14.5. ఒకసారి కోటాలో సివిల్ ఉద్యోగంలో చేరాక మళ్లీ కోటా రాదు. చేరే రోజునే 'ఇంతకుముందు ఫలానా ఫలానా ఉద్యోగాలకు పెట్టుకున్నాను' అని తేదీలతో రాసి ఇచ్చినవాళ్లకు మాత్రం ఆ పాత దరఖాస్తుల వరకు హక్కు నిలుస్తుంది. జాయినింగ్ రిపోర్టుతో పాటు ఆ ఒక్క కాగితం ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి.

పిల్లల చదువుకు రాష్ట్రం ఇచ్చేది క్యాప్ కోటా (సాయుధ దళాల సిబ్బంది పిల్లల కోటా), ఇంజినీరింగ్‌లో 2 శాతం. ఇక్కడ ర్యాంకు ఒక్కటే చూడరు, ముందు వర్గం చూస్తారు. యుద్ధంలో అమరులైనవారి పిల్లలు ముందు, గాయపడి వైకల్యంతో దిగినవారి పిల్లలు తర్వాత, శౌర్య పతకాలు వచ్చినవారివి ఆ తర్వాత, మామూలు మాజీ సైనికులవి, సర్వీసులో ఉన్నవారివి చివర. తండ్రికి సేనా మెడల్ ఉండి ఆ కాగితం చూపించని పిల్లవాడు, మంచి ర్యాంకుతో కూడా చివరి వర్గంలో నిలబడతాడు. పతకం గెజిట్ కాపీ సర్టిఫికెట్ల పరిశీలన రోజునే చేతిలో ఉండాలి, తర్వాత తెస్తామంటే కుదరదు.

కేంద్ర సైనిక్ బోర్డు ఇచ్చే గ్రాంట్లు హవల్దారు, అంతకంటే కింది హోదా వాళ్లకు. 2025 నవంబరు 1 నుంచి ఇవి రెట్టింపయ్యాయి: ఇద్దరు పిల్లల దాకా చదువుకు ఒక్కొక్కరికి నెలకు 2,000, కూతురి పెళ్లికి లక్ష, పింఛను లేని 65 దాటినవారికి నెలకు 8,000 రూపాయలు. పెళ్లి గ్రాంటుకు గడువు పెళ్లయిన 180 రోజులు. మన ఊళ్లలో పెళ్లి రిజిస్ట్రేషన్ పాస్‌పోర్టు అవసరం పడ్డాక గానీ చేయించరు. ఆ సర్టిఫికెట్ లేకుండా దరఖాస్తు కదలదు. కల్యాణ మండపం ఖాళీ చేసిన వారంలోనే రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లండి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరే పథకం. వృత్తి విద్యలో చేరిన మొదటి ఏడాదే పెట్టుకోవాలి, కనీస అర్హత పరీక్షలో 60 శాతం ఉండాలి. అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000.

భూమి సంగతి కాస్త నెమ్మదిగా చూడాలి. మన ప్రాంతంలో సైనికులకు దశాబ్దాలుగా ఇచ్చిన డి-పట్టాలు (ప్రభుత్వ భూమిని అసైన్ చేస్తూ ఇచ్చే పట్టాలు) వేలల్లో ఉన్నాయి. రెండున్నర ఎకరాల మాగాణి లేదా ఐదెకరాల మెట్ట. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని 1977 నాటి 9వ చట్టం మామూలుగా అమ్మనివ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు వెసులుబాటు ఇచ్చింది. మాజీ సైనికుడిగా ఇచ్చిన పట్టాకైతే షరతు వేరు, పదేళ్లు దాటాక అమ్ముకోవచ్చు. 1993 నవంబరు 11 నాటి జీవో 1117 చెప్పేది ఇదే. అయినా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే రిజిస్ట్రేషన్ చట్టంలో 2007లో తెచ్చిన 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితా సర్వే నంబర్ల వారీగా ఉంటుంది. ఒకే సర్వే నంబరులో పేదల పట్టాలు, సిపాయి పట్టా పక్కపక్కన ఉంటే మొత్తం నంబరూ జాబితాలోకి ఎక్కేస్తుంది. సబ్ రిజిస్ట్రారు తెర మీద మీ పట్టా రకం కనిపించదు.

అందుకని చూడాల్సింది పట్టా ముఖం మీద ఏమని రాశారన్నది. 'మాజీ సైనికుడు' అన్న కోటాలో ఇచ్చారా, లేక సిపాయే అయినా 'భూమిలేని పేద' కోటాలో ఇచ్చారా? రెండోదైతే పదేళ్ల వెసులుబాటు మీకు లేదు, 1977 చట్టమే వర్తిస్తుంది. ఇది తెలియక అడ్వాన్సులు తీసుకుని ఇరుక్కున్న వారసులు చాలామంది. కొనేవాళ్లు కూడా ఇదే చూడాలి. అసైన్‌మెంట్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, డీకే రిజిస్టరులో (అసైన్‌మెంట్ పట్టాల నమోదు పుస్తకంలో) ఎంట్రీ, పట్టా ఇచ్చిన తేదీ, అప్పటినుంచి సాగులో ఎవరున్నారన్న రికార్డు, ఈ నాలుగూ పెట్టి జాబితాలోంచి ఆ విస్తీర్ణం తీసేయమని కలెక్టరుకు అర్జీ ఇవ్వాలి. పట్టా అసలు ప్రతి పోయిందంటే తహసీల్దారు ఆఫీసులో డీకే రిజిస్టరే దిక్కు. పాత తాలూకా విడిపోయి మండలాలైనప్పుడు ఆ రిజిస్టరు ఏ ఆఫీసుకు పోయిందో వాకబు చేయడమే సగం పని.

ఇంటి పన్ను చిన్న విషయమే, వాడుకోనివాళ్లే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో మాజీ సైనికుల ఇంటికి ఉన్న మినహాయింపును 2025 మేలో సర్వీసులో ఉన్న సైనికులందరికీ విస్తరిస్తున్నట్టు ప్రకటించారు. అది ఒక్క ఇంటికే. ఇల్లు తండ్రి పేరు మీదే ఉండిపోతే రాదు, సైనికుడి పేరునో భార్య పేరునో మారాలి. సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన ధ్రువపత్రంతో పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. ఆ కార్యాలయం ప్రతి కొత్త జిల్లాలోనూ లేదు, పాత జిల్లా కేంద్రానికే వెళ్లాల్సి రావచ్చు. తెలంగాణలో వీటిని ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయాలంటారు.

సర్వీసులో ఉండగా మనిషి పోతే వచ్చేదాంట్లో కేంద్రానిది లెక్క ప్రకారం ఉంటుంది. ఎక్స్‌గ్రేషియా విధుల్లో ప్రమాదానికి, ఉగ్రవాదుల చేతిలో మరణానికి 25 లక్షలు, సరిహద్దు ఘర్షణకు 35, యుద్ధంలో శత్రు చర్యకు 45. పింఛను కూడా మరణాన్ని ఏ వర్గంలో వేశారన్న దాన్నిబట్టి మారుతుంది: యుద్ధ సంబంధమైతే చివరి జీతమంత, విధుల్లో ప్రమాదమైతే అందులో 60 శాతం, సర్వీసుతో సంబంధం లేకపోతే మొదటి పదేళ్లు 50, ఆ తర్వాత 30. అందుకే యూనిట్ నుంచి వచ్చే క్యాజువాల్టీ సర్టిఫికెట్‌లో 'బ్యాటిల్' (యుద్ధ సంబంధం) అని ఉందా 'ఫిజికల్' (యుద్ధంతో సంబంధం లేనిది) అని ఉందా అన్నది దుఃఖంలో ఉన్నా ఎవరో ఒకరు చదవాలి.

రాష్ట్రం ఇచ్చేదానికి మాత్రం స్థిరమైన కొలత కనిపించదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ 5 కోట్లు, బంజారాహిల్స్‌లో 711 గజాల స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అదే ఘటనలో అమరులైన మిగతా 19 మంది ఇతర రాష్ట్రాల కుటుంబాలకు తలా 10 లక్షలు ప్రకటించింది. 2021 డిసెంబరు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ 50 లక్షలు ఇచ్చింది. 2025 మేలో అమరుడైన అగ్నివీర్ మురళీనాయక్ కుటుంబానికి 50 లక్షలు, ఐదెకరాలు, 300 గజాల స్థలం, ఉద్యోగం ప్రకటించింది. ఎవరికిచ్చిందీ తప్పు కాదు. వార్తల్లోకి రాని మరణానికి ఎంత అన్నది ముందే చట్టంలో రాసి ఉంటే ఆ ఇంటివాళ్లు ఎమ్మెల్యే ఇంటి గుమ్మం తొక్కక్కర్లేదు.

సంతోష్‌బాబు కుటుంబానికిచ్చిన 5 కోట్లలో 4 భార్యకు, 1 తల్లిదండ్రులకు అని ప్రభుత్వమే విడదీసి ఇచ్చింది. అన్ని ఇళ్లలో అలా జరగదు. పింఛను నిబంధనల ప్రకారం భార్యకు పోతుంది, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు నామినీకి పోతుంది. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి, పెళ్లయ్యాక మార్చని కుర్రాళ్లు కొల్లలు. అత్తాకోడళ్లు కోర్టుకెక్కేది ఈ ఫారం వల్లే. నామినేషన్‌లో ఇద్దరికీ ఇంత ఇంత శాతమని రాయవచ్చు. సెలవు మీద ఊరికొచ్చినప్పుడు మాట్లాడుకుని, తిరిగి యూనిట్‌కు వెళ్లిన వారంలో మార్పించాలి.

ఫైర్, పోలీసు సిబ్బంది కుటుంబాలకు ఈ సైనిక కార్యాలయాలతో పని లేదు. వాళ్లు రాష్ట్ర ఉద్యోగులే కాబట్టి విధుల్లో పోతే వారసుడికి కారుణ్య నియామకం ఉంటుంది. దరఖాస్తుకు గడువు మరణించిన ఏడాది. పిల్లలు మైనర్లయితే రెండేళ్ల లోపు 18 నిండేవారికే అవకాశం. అమ్మాయికి పదిహేనే ఉందని, నిండాక పెడదామని ఆగితే ఆ ఉద్యోగం ఇక రాదు. అలాంటి ఇంట్లో ఏడాది తిరగకముందే భార్య తన పేరున పెట్టుకోవాలి, ఆమె చదువు ఏడో తరగతి అయినా సరే, దానికి తగిన పోస్టు అడగవచ్చు. దరఖాస్తు ఇచ్చిన రోజు ఆఫీసు ఇన్‌వర్డ్ నంబరు, తేదీ మీ కాపీ మీద వేయించుకోవడం మరవకండి.